కల్లం జల్లెడ మీద తెల్ల ఎలకలు

ఎలక కనిపిస్తే చెప్పు కోసం వెతకడమే తప్ప దాని క్షేమం విచారించే అలవాటు లేని ఇంట్లో పుట్టి, ఎలక కాలు ఎప్పుడెత్తుతుందా అని కళ్ళార్పకుండా చూసే చదువులో పడ్డ రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ వయసులో నాకున్న తెగింపుకి నాకే ఆశ్చర్యం వేస్తుంది. మాది నకరికల్లు పక్కన మిరప పండించే ఊరు. బీఫార్మసీ అయ్యాక, పైచదువు కూడా చదివేస్తే ఒక పని అయిపోతుందని నరసరావుపేట దగ్గర కాలేజీలో ఎంఫార్మసీలో చేరాను. నేను మందుల షాపు పెడతాననీ, జ్వరం బిళ్ళలు అప్పుగా ఇస్తాననీ మా ఊళ్ళో చాలామంది ఆశపడ్డారు. తీరా నేను చేసేది తెల్ల ఎలకల మీద పరిశోధన అని తెలిశాక, ఎదురింటి పిన్ని మా అమ్మను పక్కకు పిలిచి, "అక్కా, పిల్లకి ఇంకేం సీటు రాలేదా" అని జాలిగా అడిగింది. (ఆ పిన్నే తర్వాత, వాళ్ళ గాదెలో ఎలకలు పడ్డాయి, వచ్చి ఏదన్నా చెయ్యమని నాకు కబురు పెట్టింది.)

నా ప్రాజెక్టు నరం నొప్పి మీద. మామూలు నొప్పికి ఒక మర్యాద ఉంది. దెబ్బ తగిలితే వస్తుంది, దెబ్బ మానితే పోతుంది. నరమే దెబ్బతింటే వచ్చే నొప్పికి ఆ మర్యాద లేదు. పైన గాయం మానిపోయినా లోపల నరం ఊరుకోదు. నిప్పు లేకుండా మండుతుంది. దుప్పటి అంచు తగిలినా సూది గుచ్చినట్టు ఉంటుంది. దీనికి మందు వెతకాలంటే ముందు ఎలకలో అలాంటి నొప్పి తెప్పించాలి. మత్తిచ్చి, తొడలో ఉండే పెద్ద నరం చుట్టూ దారంతో వదులుగా ముడులు వేసి, మళ్ళీ కుట్టేస్తారు. కొన్నాళ్ళకు కుట్లు మానతాయి, కాలు మాత్రం ముట్టుకోనివ్వదు. అప్పుడు మందు ఇచ్చి, ఎలక కాలు ఎత్తడం ఏమన్నా తగ్గిందేమో చూస్తారు. ఇనప జాలీ మీద ఎలకను నిలబెట్టి, కింద నుంచి సన్నటి నైలాన్ పోగుతో దాని అరికాలిని తాకి చూడటమే పరీక్ష. సూటిగా చెప్పాలంటే, ఎలకల కింద కూర్చుని మెడ పైకెత్తి వాటి పాదాల వంక చూడటమే నా పరిశోధన.

ఈ చదువు గురించి మా ఇంట్లో శ్రద్ధగా విన్నది మా నాయనమ్మ ఒక్కతే. దానికి కారణం ఉంది. షుగరు వల్ల ఆమెకు అరికాళ్ళ మంటలు. జీవితమంతా మిరప కోతల్లో, కల్లాల్లో గడిపిన మనిషి. ఎండుకాయల కుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టి తాలుకాయలు ఏరేది, అదే చేత్తో కంట్లో నలుసు తీసుకునేది, ఏమీ అయ్యేది కాదు. అలాంటిది, ఏమీ తగలని కాళ్ళు మండుతున్నాయని మంచం మీద పాదాలు గాల్లో పెట్టుకుని కూర్చునేది. నాన్న ఆమె కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, "పుండు లేదు, వాపు లేదు. ఎక్కడ మండిద్దమ్మా? ఊరికే మంచంలో కూర్చుంటే అన్నీ అట్టాగే అనిపిస్తయ్, కాస్త నాలుగు అడుగులు వెయ్యి" అనేవాడు. నాన్న చెడ్డవాడు కాదు. కంటికి కనపడితేనే నమ్మే రైతు, అంతే.

నేను శనివారం ఇంటికి వెళ్ళి నా ప్రాజెక్టు సంగతి చెబుతుంటే నాయనమ్మ లేచి కూర్చుంది.

"ఏమే, ఎలక్కి నొప్పి పుట్టిందని నీకెట్టా తెలిసిద్ది? అదేమన్నా నోరు తెరిచి చెప్పిద్దా?"

"చెప్పదు నాయనమ్మా. కాలు ఎత్తిద్ది, ఎత్తి నాక్కుంటది. అది చూసి నొప్పి ఉందని రాసుకుంటాం."

"కాలెత్తితే రాసుకుంటారా?"

"ఆ, రాసుకుంటాం."

"నేను ఇన్నేళ్ళ బట్టి ఎత్తుతానే ఉన్నా గదే. ఒక్కళ్ళన్నా రాసుకున్నారా?"

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం నుంచి మా ఇంటి ప్రార్థనలో ఒక మార్పు వచ్చింది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. అన్నాలకు ముందు అందరం చాప మీద కూర్చుంటే నాయనమ్మ ప్రార్థన చేసేది. ఆమె ప్రార్థనకు ఒక వరస ఉండేది. మొదట వాన, తర్వాత మిరప ధర, తర్వాత నాన్న బీపీ, తర్వాత చర్చి పైకప్పు, ఆఖరున ఆమె అరికాళ్ళు. ఆ రోజు అరికాళ్ళ తర్వాత ఆమె ఆగకుండా, "మా పిల్ల ఎలకల కాళ్ళు కూడా నీ చేతుల్లో పెడుతున్నాం తండ్రీ" అంది. నాన్న ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక ఆమెన్ కొంచెం ముందే అనేశాను.

ఇక కాలేజీ సంగతి. మా గైడు మేడం విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు. చదువులో దిట్ట, మనసు వెన్న, ముక్కు మాత్రం పల్నాటికి పనికిరాదు. ఆవిడ చేరింది మిరపకాయలు ఎండే కాలంలో. కాయల లారీ ఒకటి గేటు ముందు నుంచి పోతే చాలు, పై అంతస్తులో ఆవిడ తుమ్ము వినిపించేది. మాకెవరికీ ఏ ఘాటూ తెలిసేది కాదు. అందుకని మాలో మేము ఆవిడను హాచ్ మేడం అనుకునేవాళ్ళం. నాతోపాటు ల్యాబులో ఇంకొక సీనియర్ ఉండేవాడు, మాచర్ల అన్న. ఊరిపేరే అతని పేరైపోయింది. కారప్పొడి లేకుండా ఇడ్లీ కూడా ముట్టని మనిషి.

వానాకాలం మొదట్లో నా ఎలకలు వచ్చాయి. ఒక్కొక్కటీ గుర్తుపట్టడానికి వాటి బొచ్చు మీద పచ్చరంగు మందు పూస్తారు. ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, ఒకదానికి తోక మీద. పేర్లు పెట్టకూడదని మేడం ముందే చెప్పారు. నేను పేర్లేమీ పెట్టలేదు, తలపచ్చ, వీపుపచ్చ, తోకపచ్చ అని మాత్రమే అనేదాన్ని. మొదట్లో పట్టుకోవాలంటే భయం వేసేది. వారం గడిచేసరికి తోకపచ్చ నా చేతి వెచ్చదనానికి అలవాటుపడి, కోటు చేతి సందులో ముక్కు పెట్టి పడుకునేది. అప్పటి నుంచి ఎలక కనిపిస్తే చెప్పు కోసం వెతకడం మానేశాను.

చిక్కంతా జాలీ దగ్గర వచ్చింది. కాలేజీలో ఉన్న పాత స్టాండు జాలీ తుప్పు పట్టి తీగలు తెగిపోయి, ఎలకల కాళ్ళు కిందకు దిగబడుతున్నాయి. కొత్తది తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు. ఎలకలు అన్నాళ్ళు ఊరికే పెరుగుతూ కూర్చుంటే పరీక్షకు పనికొచ్చే బరువు దాటిపోతాయి. ఆ చిల్లుల సైజు చూడగానే నాకు మా ఇంట్లో వస్తువు ఒకటి గుర్తొచ్చింది. కల్లంలో కాయలు ఎత్తేశాక కింద మిగిలిన గింజలూ మట్టీ వేరు చేసే ఇనప జల్లెడ. అచ్చం అదే సైజు. శనివారం వెళ్ళి, అమ్మా నేనూ దాన్ని బోరు దగ్గర వేసి సబ్బుపొడితో తోమాం, మళ్ళీ తోమాం, ఎండలో ఆరబెట్టాం. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "బిర్యానీ తినొచ్చు దీంట్లో" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. నరసరావుపేటలో వెల్డింగ్ షాపు అతను దానికి నాలుగు కాళ్ళు పెట్టాడు. మాచర్ల అన్న కూడా వాసన చూసి, "ఫారిన్ది కూడా ఇంత బాగుండదు" అన్నాడు. మేడం దూరం నుంచే చూసి, పిల్లలు సొంతంగా చేసుకున్నారని ముచ్చటపడ్డారు.

ఆపరేషన్ కంటే ముందు, మామూలుగా ఉన్న ఎలక ఎలా ఉంటుందో కొలిచి పెట్టుకోవాలి. ఏ దెబ్బా తగలని ఎలక ఆ పోగు తగిలితే పట్టించుకోదు. తన పని తాను చూసుకుంటుంది. నేను తలపచ్చను జల్లెడ మీద పెట్టి, మూత పెట్టి, అది సర్దుకునేదాకా ఆగి, కింద నుంచి, పోగుల్లో అన్నిటికన్నా మెత్తటిది తాకించాను. చటుక్కున కాలు ఎత్తేసింది. ఎత్తి నాకింది. నాకడం అయ్యాక ఇంకో కాలు ఎత్తింది. వీపుపచ్చదీ అదే వరస. తోకపచ్చ అయితే నేను తాకకముందే ఒక కాలు ఎత్తుకుని కొంగలాగా నిలబడి నా వంక చూస్తోంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇంకా కత్తి కూడా ముట్టని ఎలకలకు నరం నొప్పి వచ్చేసింది. ప్రపంచంలో ఎవరూ ఇంత తొందరగా ఫలితాలు సాధించి ఉండరని మాచర్ల అన్న అభినందించాడు.

మేడం మాత్రం నవ్వలేదు. నా అంకెలు చూసి చాలాసేపు ఆలోచించి, "అమ్మాయ్, ఈ బ్యాచ్‌లో ఏదో జబ్బుంది. ఇలాంటి ఎలకల మీద ఆపరేషన్ చేసినా అర్థం లేదు. జంతు ప్రయోగాల కమిటీకి రాసి రద్దు చేద్దాం, వేరే బ్యాచ్ తెప్పించుకుందువుగాని" అన్నారు. రైలు టికెట్టు రద్దయితే కొంత డబ్బు వెనక్కి వస్తుంది, సినిమా రద్దయితే ఇంటికి పోతాం. ఎలకల బ్యాచ్ రద్దు అంటే ఒకటే అర్థం. వాటిని అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోరు, బయట వదలడానికి వీల్లేదు. మత్తు ఎక్కువిచ్చి నిద్రపుచ్చేస్తారు. ఏ పరీక్షకూ పనికిరాకుండా, ఎవరి నొప్పికీ కొంచెమైనా ఉపయోగపడకుండా పోతాయి. ఆ సాయంత్రం హాస్టల్లో అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. నా చదువు వెనకబడుతుందని ఏడుస్తున్నానని పక్క గది అమ్మాయిలు ఓదార్చారు. తోకపచ్చ కోసం అని చెబితే ఏమనుకుంటారోనని చెప్పలేదు.

పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారి మీరే కూర్చుని చూడండి మేడం, నా చెయ్యి సరిగ్గా లేదేమో" అని బతిమాలాను. ఆవిడ మనసు వెన్న అని ముందే చెప్పాను కదా. వచ్చి, నా పీట మీద జల్లెడ కింద కూర్చుని, పోగు పట్టుకుని తల పైకెత్తారు. తోకపచ్చ కాలెత్తింది. మేడం తుమ్మారు. తోకపచ్చ ఇంకో కాలెత్తింది. మేడం మళ్ళీ తుమ్మారు. ఆవిడ తుమ్మడం మాకు గోడ గడియారం కొట్టినట్టే, పట్టించుకునేవాళ్ళం కాదు. ఈసారి ఆవిడే పట్టించుకున్నారు.

"ఎండాకాలంలో మీ ఊళ్ళో తుమ్మానంటే సరే. ఈ వానల్లో, ఏసీ గదిలో, తలుపులు వేసుకుని ఎందుకు తుమ్ముతున్నాను?" అని, పైకి చూసి, "ఈ జాలీ ఎక్కడిది?" అన్నారు.

"మా కల్లంలోది మేడం."

"కల్లంలో దీంతో ఏం చేస్తారు?"

"మిరప గింజలు జల్లిస్తాం మేడం. కానీ బాగా కడిగాం. ఏమీ లేదు."

ఏమీ లేదని నిరూపించడానికి నేను జల్లెడ తీగల మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాను. (ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేది నేనే.) చప్పగా ఉంది. మాచర్ల అన్న కూడా వచ్చి, తీగలు కలిసే ముడుల దగ్గర గట్టిగా రుద్ది, నాలిక మీద పెట్టుకుని, పెళ్ళి వంట రుచి చూసేవాడిలా కళ్ళు మూసుకున్నాడు. "కారమే లేదు మేడం. కావాలంటే ఉప్పు కొంచెం ఉంది" అన్నాడు. మేడం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఒక వేలితో జల్లెడను అలా తాకి, పెదవికి ఇలా ఆనించుకున్నారు. మరుక్షణం ఆవిడ కళ్ళ వెంట ధారగా నీళ్ళు. మాచర్ల అన్న మంచినీళ్ళకు పరిగెత్తాడు. మంచినీళ్ళతో అది ఇంకా పాకిందే తప్ప తగ్గలేదు. కారం నీళ్ళలో కరగదు, నూనెలోనో స్పిరిట్‌లోనో కరుగుతుంది. ఈ సంగతి మేమిద్దరం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా జల్లెడ మాత్రం బోరు నీళ్ళతోనే కడిగాం.

క్యాంటీన్ నుంచి పెరుగు తెప్పించి పెదవికి రాసుకున్నాక మేడం అన్న మొదటి మాట, "పాపం, ఎలకలు" అని. నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నాళ్ళూ ఆ పసి పాదాలు నిలబడింది మా కల్లం కారం మీద. అవి కాలెత్తడం జబ్బు కాదు, మా ఇంటి పంట. రద్దు సంగతి పక్కన పెట్టి, వాటికి మెత్తటి పొట్టు వేసి విశ్రాంతి ఇచ్చాం. మాచర్ల అన్న, ముందే చెయ్యాల్సిన పని అంటూ, హార్డ్‌వేర్ షాపు నుంచి కొత్త జాలీ తెచ్చి, దాన్ని స్పిరిట్‌తో తుడిచి, ముందు మేడం చేత వాసన చూపించి, ఆవిడ తుమ్మలేదని తేలాకే బిగించాడు. రెండు వారాల తర్వాత తోకపచ్చను దాని మీద నిలబెట్టి పోగు తాకించాను. అది మీసాలు దువ్వుకుంటోంది. మళ్ళీ తాకించాను. దువ్వుకుంటూనే ఉంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మేడం చూసి, "బాగున్నాయి. బ్యాచ్ ఉంచుదాం" అన్నారు. ఆ వెంటనే, "సోమవారం ఆపరేషన్లు పెట్టుకో" అన్నారు.

అంతవరకూ ఆ మాట నా బుర్రకు తట్టనే లేదు. వాటిని బతికించుకోవడం కోసం ఏడ్చాను సరే, బతికించుకున్నది దేనికి? నొప్పి లేదని తేలితేనే కదా నొప్పి పెట్టడానికి పనికొచ్చేది. సోమవారం మేడం పక్కన నిలబడి చెబుతుంటే, మత్తులో ఉన్న తోకపచ్చ నరం చుట్టూ ముడులు వేసింది నా చేతులే. దాన్ని పొట్టులో పడుకోబెట్టి, వెచ్చగా ఉండటానికి లైటు పెట్టి, అది కళ్ళు తెరిచేదాకా పక్కనే కూర్చున్నాను. తర్వాత కుట్లు మానాయి. కొత్త జాలీ మీద పోగు తాకిస్తే ఈసారి నిజంగానే కాలెత్తింది. నేను రాసుకున్నాను.

ఆ వారం ఇంటికి వెళ్ళి జల్లెడ కథ చెబితే నాయనమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. మేడం పెదవి దగ్గర అయితే ఊపిరాడలేదు ఆమెకు. నవ్వు ఆగాక అడిగింది.

"మరి ఇప్పుడు నిజం నొప్పి పెట్టినట్టేనా?"

"పెట్టాను నాయనమ్మా."

"మత్తిచ్చే కోశావు గదా?"

"ఆ. కొయ్యడం తెలవదు వాటికి. ఇప్పుడే, కాలు కింద ఆనించట్లేదు."

ఆమె చీర కుచ్చిళ్ళు పైకి జరుపుకుని, కాళ్ళు మంచం పట్టె మీదుగా బయటకు చాపింది. "ఇటు రా. నన్ను కూడా ఒకసారి అట్టాగే చూడు" అంది. నవ్వులాటకే అనుకున్నాను. పోగు కాలేజీలో ఉంది కాబట్టి, కొత్త చీపురులోంచి మెత్తటి ఈనె ఒకటి తీసి, అలవాటు కొద్దీ నేల మీద కూర్చుని, కింద నుంచి ఆమె అరికాలిని అలా తాకించాను. ఈగ వాలినంత కూడా ఉండదు ఆ తాకిడి. ఆమె కాలు చటుక్కున వెనక్కి పోయింది. వేళ్ళు ముడుచుకుపోయి, కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. ముఖం పక్కకు తిప్పుకుంది. నేను తోకపచ్చను చూసినట్టే ఆమెను చూశాను. నేను అంతవరకూ నాయనమ్మ పాదాన్ని కింద నుంచి చూడలేదు. గుమ్మం దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు రాసుకో" అంది నాయనమ్మ.

నాన్న దొడ్లోకి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే చర్చికి పోయే చొక్కా వేసుకుని బండి బయటకు తీసి, "పదమ్మా, పేట పోయి ఆ నరాల డాక్టరుకి చూపించుకొద్దాం" అన్నాడు. కాలు తిప్పి చూడలేదు, పుండు ఎక్కడుందని అడగలేదు. బండి ఎక్కేటప్పుడు ఆమె అరికాలికి ఫుట్‌రెస్టు గుచ్చుకోకుండా తన తువ్వాలు మడిచి వేశాడు.

డాక్టరు ఇచ్చిన బిళ్ళలు ఆమెకు కొంత పనిచేశాయి. నా ఎలకల మీద నేను చూసిన మందు కూడా కొంతే పనిచేసింది. ప్రాజెక్టు ముగిశాక ఎలకలను ఏం చేస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు. తోకపచ్చను ఆ రోజు కోటు చేతి సందులో చాలాసేపు ఉంచుకున్నాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాయనమ్మ రోజూ సాయంత్రం వాన, ధర, బీపీ, పైకప్పు, అరికాళ్ళు అయ్యాక నా ఎలకల కాళ్ళను దేవుడి చేతుల్లో పెడుతూనే ఉంది. నేను ఆమెన్ అంటూనే ఉన్నాను. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఆ మాట ఆగకపోయేసరికి ఉండబట్టలేక, "నాయనమ్మా, ఆ ఎలకలు ఎప్పుడో పోయినయ్" అని చెప్పేశాను.

"తెలుసులేవే. ఎలక ఎన్నాళ్ళు బతికిద్దో కల్లంలో పుట్టినదానికి తెలవదా ఏంది" అంది నాయనమ్మ. "మనబోటోళ్ళ కాళ్ళ కోసం అవి కాళ్ళెత్తినయ్. ఆ సంగతి పైనున్న తండ్రికి ఒకరన్నా చెప్పాలి గదా."

ఇప్పుడు నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా ల్యాబుకు కొత్త వస్తువు తెస్తే, ముందు పల్నాడు బయట నుంచి వచ్చిన వాళ్ళ చేత వాసన చూపిస్తాను. పిల్లలు దానికి నా వెనక ఏం పేరు పెట్టారో నాకు తెలుసు. జల్లెడ మళ్ళీ కల్లానికి వెళ్ళిపోయింది, వెల్డింగ్ కాళ్ళతో సహా. వంగక్కర్లేకుండా ఉందని అమ్మ వాటిని తీయనివ్వలేదు. నాయనమ్మ పోయిన తర్వాత ప్రార్థన నాన్న వంతైంది. ఆయనకు ప్రార్థనకు సొంత మాటలు రావు, ఆమె వరసే వల్లెవేస్తాడు. వాన, ధర, తన బీపీ, పైకప్పు. అరికాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాస్త తడబడి, దాన్ని వదిలేసి, "మా పిల్ల ఎలకల కాళ్ళు" అంటాడు. అప్పుడు నేను ఒక కన్ను తెరిచి ఆయన వైపు చూస్తాను.